పాత పికప్ ట్రక్కుల పునరుద్ధరణ

పాత పికప్ ట్రక్కుల పునరుద్ధరణ అనగా చాలాకాలం వాడకంలో ఉండి శిథిలమైన, లేదా ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న చిన్న సరుకు రవాణా వాహనాన్ని, అది కర్మాగారం నుండి వెలువడిన నాటి స్థితికి వీలైనంత దగ్గరగా తీసుకురావడం. సాధారణ మరమ్మతు యొక్క ఉద్దేశం వాహనాన్ని మళ్ళీ నడిపించడం మాత్రమే. పునరుద్ధరణలో వాహనం నడవడంతో పాటు దాని ఇంజను, బాడీ, రంగు, విద్యుత్ తీగలు, సీట్లు మొదలైనవన్నీ ఆ నమూనాకు, ఆ సంవత్సరానికి సరిపోయేవిగా ఉండాలి. తాత తండ్రుల నుండి సంక్రమించిన వాహనాల విషయంలో మరొక అంశం కూడా కలదు. అటువంటి వాహనంలోని సొట్టలు, అతుకులు, తర్వాత చేర్చిన మార్పులు ఆ కుటుంబ చరిత్రలో భాగాలు. వీటిలో ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి అన్నది పునరుద్ధరణలో అన్నిటికంటే కష్టమైన నిర్ణయం. ఒకసారి తీసివేసిన మూలభాగాన్ని తిరిగి సృష్టించడం సాధ్యం కాదు.

నిర్వచనాలు

ముందు భాగంలో డ్రైవరు కూర్చునే క్యాబిను, వెనుక పైకప్పు లేని సరుకుల తొట్టి కలిగిన తేలికపాటి వాహనాన్ని పికప్ ట్రక్కు అంటారు. తొట్టి వెనుక భాగంలో కిందికి దించడానికి వీలైన తలుపు ఉంటుంది.

పాత వాహనాలన్నిటినీ వాడుకలో "వింటేజ్" అని పిలుస్తున్నా, ఈ పదానికి వేర్వేరు చోట్ల వేర్వేరు అర్థాలు ఉన్నాయి. 1966లో ఏర్పడిన అంతర్జాతీయ పురాతన వాహనాల సమాఖ్య (ఫివా) నిర్వచనం ప్రకారం కనీసం 30 సంవత్సరాల వయసు కలిగి, చారిత్రకంగా సరియైన స్థితిలో ఉండి, దైనందిన రవాణాకు వాడబడని వాహనం చారిత్రక వాహనం. ఈ సంస్థ తయారీ కాలాన్ని బట్టి వాహనాలను ఈ క్రింది విధంగా వర్గీకరించింది.

* 1904 వరకు - యాన్సెస్టర్
* 1905 నుండి 1918 వరకు - వెటరన్
* 1919 నుండి 1930 వరకు - వింటేజ్
* 1931 నుండి 1945 వరకు - పోస్ట్ వింటేజ్
* 1946 నుండి 1960 వరకు - పోస్ట్ వార్
* 1961 నుండి 1970 వరకు, ఆ తరువాతి కాలం - వేర్వేరు తరగతులు

ఈ లెక్కన 1950లలో తయారైన పికప్ "వింటేజ్" తరగతికి చెందదు. భారత ప్రభుత్వ నిబంధనలలో మాత్రం వింటేజ్ అన్న పదానికి 50 సంవత్సరాల వయసే ప్రధానమైన కొలమానం.

చరిత్ర

మొదటి తరం పికప్‌లు కర్మాగారంలో తయారైనవి కావు. కొనుగోలుదారులు ఇంజను, చాసిస్ మాత్రమే కొని, స్థానిక వడ్రంగుల చేత, కమ్మరుల చేత తొట్టి కట్టించుకునేవారు. అమెరికాకు చెందిన ఫోర్డ్ సంస్థ 1917లో మోడల్ టీటీ అనే ఒక టన్ను సామర్థ్యం గల ట్రక్కు చాసిస్‌ను విడుదల చేసింది. అదే సంస్థ 1925 ఏప్రిల్ 15న మోడల్ టీ కారుకు కర్మాగారంలోనే తొట్టిని అమర్చి విక్రయించడం మొదలుపెట్టింది. దీని ధర 281 డాలర్లు. కర్మాగారం నుండి సంపూర్ణంగా వెలువడిన తొలి పికప్‌గా దీనిని పేర్కొంటారు.

భారతదేశంలో

ఫోర్డ్ సంస్థ 1926లోను, జనరల్ మోటార్స్ సంస్థ 1928లోను భారతదేశంలో తమ శాఖలను ప్రారంభించాయి. విడిభాగాలను ఓడలలో తెచ్చి ఇక్కడ కూర్చడమే వీటి పని. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత మిగులు సైనిక వాహనాలు "డిస్పోజల్స్" పేరిట అమ్ముడై రైతుల, గుత్తేదారుల చేతికి వచ్చాయి. స్వదేశీ సంస్థలైన హిందుస్తాన్ మోటార్స్ 1942లోను, ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1944లోను స్థాపించబడ్డాయి. 1945లో లూధియానాలో స్థాపించబడి, 1948లో పేరు మార్చుకున్న మహీంద్రా అండ్ మహీంద్రా సంస్థ విల్లీస్ జీపులను కూర్చి, అనంతరం స్వయంగా తయారు చేసింది.

1953లో టారిఫ్ కమిషన్ చేసిన సిఫారసుల మేరకు, దేశంలో తయారీ ప్రణాళిక లేకుండా కేవలం కూర్పు పని చేసే సంస్థలకు అవకాశం లేకపోయింది. ఫలితంగా 1954లో ఫోర్డ్, జనరల్ మోటార్స్ రెండూ తమ కార్యకలాపాలను ముగించాయి. ఈ నిర్ణయం యొక్క ప్రభావం నేటి పునరుద్ధరణలపై కూడా కనిపిస్తుంది. 1954కు పూర్వపు ఫోర్డ్, షెవ్రొలె వాహనాల విడిభాగాలు దేశంలో తయారు కాలేదు కనుక వాటిని విదేశాల నుండి తెప్పించవలసి ఉంటుంది, లేదా లేత్ మిషను మీద కొత్తగా చేయించవలసి ఉంటుంది. దశాబ్దాల పాటు ఇక్కడే తయారైన జీపు జాతి వాహనాల భాగాలు మాత్రం పెద్ద ఊళ్లలోని పాత సామాన్ల దుకాణాలలో దొరికే అవకాశం ఎక్కువ.

కల్వకుర్తి ప్రాంతం

కల్వకుర్తి నాగర్‌కర్నూల్ జిల్లాలోని పట్టణం. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు ఇది మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. జడ్చర్ల నుండి మిర్యాలగూడ వైపు వెళ్ళే 167వ జాతీయ రహదారి ఈ పట్టణం మీదుగా పోతుంది. ఇక్కడి నుండి నాగర్‌కర్నూల్, కొల్లాపూర్‌ల మీదుగా నంద్యాల వైపు 167కె జాతీయ రహదారి మొదలవుతుంది. వేరుశనగ, ఆముదం వంటి మెట్ట పంటలకు పేరుపొందిన ఈ ప్రాంతంలో పొలానికి, మార్కెట్టుకు మధ్య సరుకు చేరవేయడానికి చిన్న వాహనాల అవసరం ఎప్పుడూ ఉన్నది.

ఇక్కడి పొడి వాతావరణం పాత వాహనాలకు ఒక విధంగా మేలు, మరొక విధంగా కీడు. సముద్రతీర జిల్లాలలో ఉప్పు గాలి వలన ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. మెట్ట ప్రాంతంలో తుప్పు నెమ్మదిగా వ్యాపిస్తుంది కనుక చాసిస్, క్యాబిను గట్టిగా మిగిలి ఉండే అవకాశం కలదు. కాని తీవ్రమైన ఎండ వలన రబ్బరు బీటలు వారుతుంది, రంగు వెలిసిపోతుంది, సీట్ల రెక్సిను చిట్లుతుంది, తొట్టిలోని చెక్క పగులుతుంది. కొట్టంలో ఉంచిన వాహనాలలో ఎలుకలు తీగలను కొరకడం, చెదలు చెక్కను తినడం సాధారణం. నేల తేమకు ఆనుకొని ఉన్న క్యాబిను అడుగుభాగం, తలుపుల కింది అంచులు, మట్టి పేరుకొన్న చక్రాల కప్పులు ఎక్కడైనా ముందుగా తుప్పు పడతాయి.

సంరక్షణ, పునరుద్ధరణ

వాహనాన్ని ఉన్న స్థితిలో ఇక చెడకుండా కాపాడటాన్ని సంరక్షణ అంటారు. పోయిన భాగాలను చేర్చి, మార్పులను తొలగించి పూర్వస్థితిని తీసుకురావడం పునరుద్ధరణ. చారిత్రక కట్టడాల పరిరక్షణకై 1964లో రూపొందిన వెనిస్ ఒప్పందపత్రాన్ని ఆదర్శంగా తీసుకొని, ఫివా వాహనాల కొరకు ట్యూరిన్ ఒప్పందపత్రాన్ని రూపొందించింది. మూలపదార్థానికి వీలైనంత తక్కువ మార్పు చేయడం, చేసిన ప్రతి పనిని నమోదు చేయడం, భద్రత కోసం తప్పనిసరిగా చేసే మార్పులు వెనక్కు తీసుకోగలిగినవిగా ఉండటం దీని ప్రధాన సూత్రాలు.

కర్మాగారపు తొలి రంగు తలుపుల మీద అరిగిపోయి ఉన్నా మిగిలి ఉన్నట్లయితే, దానిని గీకి కొత్త రంగు వేయడం కంటే శుభ్రపరచి అలాగే ఉంచడమే మేలని అనేక మంది పరిరక్షకుల అభిప్రాయం. రంగు ఎన్నిసార్లయినా వేయవచ్చును. కర్మాగారపు రంగు మాత్రం ఒకసారి పోతే తిరిగి రాదు.

పునరుద్ధరణ క్రమం

సమాచార సేకరణ

వాహనాన్ని విప్పడానికి ముందే దాని గుర్తింపును నిర్ధారిస్తారు. చాసిస్ సంఖ్య, ఇంజను సంఖ్య, క్యాబినులోని తయారీ పలక, రిజిస్ట్రేషన్ పుస్తకం, పాత పన్ను రశీదులు, బీమా పత్రాలు ఇందుకు ఆధారాలు. ఆ నమూనాకు తయారీదారు ప్రచురించిన విడిభాగాల పుస్తకం, వర్క్‌షాపు పుస్తకం లభించినట్లయితే ఏది మూలభాగమో తేల్చడం సులభమవుతుంది. కుటుంబంలోని పెళ్లి ఫోటోలు, జాతర ఫోటోలలో వాహనం కనిపిస్తే అప్పటి రంగు, అద్దాలు, బంపరు, తొట్టి ఆకారం తెలుస్తాయి. నలుపు తెలుపు ఫోటో రంగును చెప్పలేదు. అటువంటప్పుడు డ్యాష్‌బోర్డు వెనుక, సీటు కింద, తలుపు కీళ్ల మధ్య దాగి ఉన్న రంగు పొరలను పరిశీలిస్తారు.

విప్పడం

ప్రతి భాగాన్ని విప్పడానికి ముందు, తరువాత ఫోటోలు తీసి, బోల్టులను భాగాల వారీగా సంచులలో వేసి పేర్లు రాస్తారు. విప్పిన వాహనం నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలు అలాగే ఉండిపోతుంది. మధ్యలో ఆగిపోయిన పునరుద్ధరణలలో భాగాలు చెదిరిపోవడం తరచుగా జరుగుతుంది. పాడైన భాగాలను సైతం పని పూర్తయ్యే వరకు పారవేయరు, ఎందుకనగా కొత్త భాగం తయారు చేయడానికి అవే నమూనాలు.

ఇంజను

ఏళ్ల తరబడి ఆగి ఉన్న ఇంజనును నేరుగా స్టార్టు చేసినట్లయితే పిస్టన్ రింగులు, సిలిండరు గోడలు దెబ్బతింటాయి. మొదట స్పార్కు ప్లగ్గులు తీసి, సిలిండర్లలో పలుచని నూనె పోసి కొన్ని రోజులు నాననిచ్చి, తరువాత చేతితో నెమ్మదిగా తిప్పి చూస్తారు. సిలిండర్లు అరిగి ఉంటే రీబోరు చేసి, ఆ కొలతకు తగిన పెద్ద పిస్టన్లను అమరుస్తారు. క్రాంకు షాఫ్టును సానబట్టించి బేరింగులు మారుస్తారు.

పాత పెట్రోలు ఇంజన్లు సీసం కలిపిన పెట్రోలు కొరకు రూపొందినవి. భారతదేశంలో 2000 సంవత్సరం నుండి సీసరహిత పెట్రోలు మాత్రమే అమ్ముతున్నారు. సీసం లేనందున మెత్తని వాల్వు సీట్లు త్వరగా అరుగుతాయి కనుక రీబోరు సమయంలోనే గట్టి ఉక్కు సీట్లు వేయించడం పరిపాటి. పెట్రోలులో ఇథనాల్ శాతాన్ని ప్రభుత్వం 2025 నాటికి 20కి పెంచింది. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను, కార్బురేటరులోని కొన్ని రబ్బరు, బెండు భాగాలను పాడుచేస్తుంది. అందువలన బయటికి పాతవిగానే కనిపించే కొత్తరకం గొట్టాలను వాడతారు.

చాసిస్, బాడీ

చాసిస్‌ను ఇసుక ధారతో శుభ్రపరచి, పగుళ్లను వెల్డింగ్ చేసి, తుప్పు నిరోధక రంగు వేస్తారు. చాసిస్ సంఖ్య చెక్కిన చోట ఇసుక ధారను, గ్రైండరును వాడరు. అక్కడ సంఖ్య చెరిగిపోయినట్లయితే వాహనం యొక్క చట్టబద్ధమైన గుర్తింపే ప్రశ్నార్థకమవుతుంది. వెనుక కమాను పట్టీలలో విరిగినవాటిని అదే మందం గల పట్టీలతో మారుస్తారు. ఎక్కువ బరువు వేయడానికి గతంలో చేర్చిన అదనపు పట్టీలను తొలగిస్తారు.

రేకు పనిని వాడుకలో టింకరింగ్ అంటారు. తుప్పు తిన్న భాగాన్ని కత్తిరించి అదే మందం గల రేకుతో అతుకు వేయడం సరియైన పద్ధతి. తుప్పు మీదనే పుట్టీ పూసి రంగు వేస్తే లోపల తుప్పు కొనసాగి కొద్దికాలంలోనే బయటపడుతుంది. అమెరికన్ పికప్‌లలో తొట్టి అడుగున చెక్క పలకలు, వాటి మధ్య ఉక్కు పట్టీలు ఉండేవి. భారతదేశంలో స్థానికంగా కట్టిన తొట్టెలలో ఆయా ప్రాంతాలలో దొరికే కలపను వాడేవారు. అందువలన ఇక్కడి పికప్‌కు "మూలస్థితి" అనగా విదేశీ కర్మాగారపు తొట్టి కాక, తొలి యజమాని కట్టించిన తొట్టి కావచ్చును.

విద్యుత్ పరికరాలు, బ్రేకులు

1950ల మధ్యకాలం వరకు అనేక అమెరికన్ వాహనాలలో 6 వోల్టుల విద్యుత్ వ్యవస్థ ఉండేది. తరువాత 12 వోల్టుల వ్యవస్థ వచ్చింది. చాలా పాత వాహనాలలో బ్యాటరీ, డైనమో, బల్బులు ఇప్పటికే 12 వోల్టులకు మార్చబడి ఉంటాయి. మూలస్థితిని కోరేవారు గుడ్డ తొడుగు గల తీగలను తిరిగి వేయిస్తారు.

హైడ్రాలిక్ బ్రేకులలోని ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆగి ఉన్న వాహనంలో ఈ తేమ వలన చక్రాల వద్ద గల సిలిండర్లు లోపల తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. బ్రేకుల విషయంలో పాత రబ్బరు భాగాలను అట్టిపెట్టరు, అన్నిటినీ మారుస్తారు.

ఇంజను మార్పిడి సమస్య

1973 నాటి చమురు సంక్షోభం తరువాత పెట్రోలు ధర పెరగడంతో, దేశవ్యాప్తంగా అనేక పెట్రోలు జీపులకు, పికప్‌లకు డీజిలు ఇంజన్లు అమర్చారు. తీసిన పెట్రోలు ఇంజన్లలో చాలా వరకు తుక్కుకు పోయాయి. నేడు వారసుల చేతికి వచ్చే వాహనాలలో ఇది సర్వసాధారణమైన చిక్కు.

దీనిపై రెండు అభిప్రాయాలు కలవు. మొదటిది, అదే నమూనాకు చెందిన పెట్రోలు ఇంజనును వెదికి తెచ్చి అమర్చడమే పునరుద్ధరణ అన్నది. రెండవది, ముప్పై నలభై ఏళ్లు ఆ కుటుంబానికి అన్నం పెట్టిన డీజిలు ఇంజను కూడా వాహన చరిత్రలో భాగమే అన్నది. పెట్రోలు ఇంజను తెచ్చినా అది వేరొక వాహనానిది కనుక, రిజిస్ట్రేషన్ పుస్తకంలోని ఇంజను సంఖ్యతో సరిపోదు. అందువలన దీనిని కూడా రవాణా అధికారుల వద్ద నమోదు చేయించవలసి ఉంటుంది. ఏ మార్గాన్ని ఎంచుకున్నా తొలగించిన భాగాలను వాహనంతో పాటు భద్రపరచడం వలన తరువాతి తరానికి మళ్ళీ నిర్ణయించుకునే అవకాశం మిగులుతుంది.

చట్టపరమైన అంశాలు

వారసత్వ బదిలీ

యజమాని మరణించినప్పుడు వాహనం వారసుని పేరిట దానంతటదే మారదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 56వ నిబంధన ప్రకారం మరణించిన 30 రోజులలోగా వారసుడు రిజిస్ట్రేషన్ అధికారికి ఆ విషయాన్ని, వాహనాన్ని తాను వాడదలచిన సంగతిని తెలియజేయాలి. అలా తెలియజేసినచో మూడు నెలల పాటు వాహనాన్ని వాడవచ్చును. ఆ మూడు నెలలలోగా 31వ నమూనా పత్రంలో యాజమాన్య బదిలీకి దరఖాస్తు చేయాలి. మరణ ధ్రువపత్రం, రిజిస్ట్రేషన్ పత్రం, బీమా పత్రం జతపరచాలి. 2021లో జరిగిన సవరణ ద్వారా యజమాని జీవించి ఉండగానే నామినీని పేర్కొనే వీలు కల్పించబడింది.

తాత పేరిట ఉన్న వాహనాన్ని బదిలీ చేయకుండా దశాబ్దాలు కొట్టంలో ఉంచిన సందర్భాలలో పత్రాలు దొరకకపోవడం, వారసులు అనేక మంది కావడం వలన పని క్లిష్టమవుతుంది. అందుచేత ఖర్చు ప్రారంభించడానికి ముందే పత్రాలను చక్కదిద్దుకోవడం అవసరం.

వింటేజ్ నమోదు

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాల నమోదుకు ప్రత్యేక నిబంధనలను ప్రకటించింది. వాటిలోని ముఖ్యాంశాలు:

* తొలి రిజిస్ట్రేషన్ నుండి 50 సంవత్సరాలు దాటిన, వ్యక్తిగత వినియోగంలోని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ఇవి వర్తిస్తాయి.
* వాహనం మూలరూపంలో ఉండాలి. చాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పు జరిగి ఉండరాదు.
* కొత్తగా నమోదయ్యే వాహనాల సంఖ్యలో రాష్ట్ర సంకేతం తరువాత "వి.ఏ" అనే అక్షరాలు ఉంటాయి. ఇప్పటికే నమోదైనవి పాత సంఖ్యను కొనసాగించవచ్చును.
* కొత్త నమోదు రుసుము రూ. 20,000. ఇది 10 సంవత్సరాలు చెల్లుతుంది. తరువాతి పునరుద్ధరణ రుసుము రూ. 5,000.
* ఈ వాహనాలను రోజువారీ అవసరాలకు గాని, వాణిజ్య అవసరాలకు గాని రోడ్ల మీద నడపరాదు.

ఈ నిబంధనలు వ్యక్తిగత వాహనాలకే పరిమితం. సరుకు రవాణా వాహనంగా నమోదైన పికప్ ఈ నిర్వచనం పరిధిలోకి రాదు. అలాగే డీజిలు ఇంజను అమర్చిన వాహనం "మూలరూపం" అన్న షరతు వద్ద చిక్కుకొనవచ్చును. ఒకప్పుడు ఇంటికి ఆధారమైన వాహనం, ఆ పని చేసినందువలననే నేడు చట్టపరమైన వింటేజ్ హోదాకు దూరం కావడం ఈ విషయంలోని వైరుధ్యం.

భద్రత

పాత వాహనాల పనిలో కొన్ని ప్రత్యేకమైన ప్రమాదాలు కలవు.

* పాత బ్రేకు, క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. వాటి పొడిని గాలితో ఊదడం ప్రమాదకరం. ఈ పొడి పీల్చడం వలన ఊపిరితిత్తుల వ్యాధులు, క్యాన్సరు రావచ్చును.
* పాత రంగులలో సీసం ఉండవచ్చును. పొడిగా రుద్దకుండా తడిపి రుద్దుతారు, ముఖానికి తగిన ముసుగు ధరిస్తారు.
* ఖాళీగా కనిపించే పెట్రోలు ట్యాంకులోనూ ఆవిరి మిగిలి ఉంటుంది. సరిగా శుభ్రపరచకుండా వెల్డింగ్ చేస్తే పేలుతుంది.
* రెండు భాగాలుగా విడిపోయే చక్రపు రిమ్ములను గాలి పూర్తిగా తీయకుండా విప్పితే రింగు ఎగిరి ప్రాణాపాయం కలుగుతుంది.

హైదరాబాదులోని ఉదాహరణలు

వారసత్వంగా వచ్చిన వాహనాల స్థితిగతులకు నిజాముల వాహనాలు ప్రసిద్ధ ఉదాహరణ. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కోరిక మేరకు తయారైన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు, 1911లో ఆయన మరణించిన తరువాత హైదరాబాదు చేరింది. సింహాసనాన్ని పోలిన ఆసనం గల ఈ కారు ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కు, 1967లో ఆయన మరణానంతరం మనుమడు ముకర్రం జాకు సంక్రమించింది. నిజాం గ్యారేజీలలోని అనేక కార్లు ఆలనాపాలనా లేక శిథిలమైపోగా, ఈ కారు మిగిలి, మరమ్మతుల అనంతరం చౌమహల్లా ప్యాలెస్‌లో సందర్శకుల కొరకు ఉంచబడింది. ఈ ప్యాలెస్ పునరుద్ధరణకు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం లభించింది.

ప్రజా రవాణాకు సంబంధించిన ఉదాహరణ ఆల్బియన్ బస్సు. నిజాం రాష్ట్ర రైల్వేకు చెందిన రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రారంభమైంది. బ్రిటన్‌లో తయారైన ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాదులోని బస్ భవన్‌లో భద్రపరచబడింది. ఒక సంస్థ వారసత్వాన్ని తరువాతి సంస్థలు స్వీకరిస్తూ వచ్చినందువలన ఈ బస్సు నిలిచింది. పల్లెలలోని పికప్‌లకు అటువంటి సంస్థాగతమైన అండ లేదు. వాటి మనుగడ పూర్తిగా వారసుల ఆసక్తి మీద, పాత పద్ధతులు తెలిసిన మెకానిక్కుల లభ్యత మీద ఆధారపడి ఉన్నది. కార్బురేటరు సరిచేయడం, రేకును చేతితో సాగగొట్టడం వంటి పనులు తెలిసినవారు తగ్గిపోతున్నందున, వాహనంతో పాటు పనితనాన్ని కూడా నమోదు చేయడం అవసరమని పరిరక్షకులు భావిస్తున్నారు.

ఇవి కూడా చూడండి

* కల్వకుర్తి
* జీపు
* మోటారు వాహనాల చట్టం, 1988
* చౌమహల్లా ప్యాలెస్
* తెలంగాణ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ